అద్దం మూలన గంధం

రేణిగుంటలో పనిచేసే విమానాల ఇంజనీరుకు చలితో ఏం పని అని మీరు నవ్వుకోవచ్చు. నేనూ అలా నవ్వుకునే అక్కడికి బదిలీ అడుక్కున్నాను. అంతకు ముందు హిమాలయాల పక్కన ఒక ఊళ్ళో కొన్ని చలికాలాలు గడిపాను. పొద్దున్నే ఉత్త చేత్తో స్పానరు పట్టుకుంటే తోలు దానికి అంటుకుపోయే చోటు అది. మాది పూతలపట్టు దగ్గర పల్లె. ఎండలో పుట్టి ఎండలో పెరిగినవాణ్ణి. ఈ చలి ఇంక నా వల్ల కాదని కంపెనీకి రాసి రాసి, చివరికి సొంత జిల్లాకు వచ్చి పడ్డాను.

రిటైరయ్యాక, ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని అప్పుడప్పుడూ నన్ను పిలుస్తుంటారు. ఎక్కడికి పోయినా ఎవరో ఒకరు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. విమానం ముందద్దం చలికి ఎందుకు పగులుతుంది సార్, అని. బోర్డు మీద బొమ్మ గీసి జవాబు చెప్తాను. ఆ బొమ్మ గీసేటప్పుడల్లా నాకు గుర్తొచ్చే మనిషిని గురించి మాత్రం ఎక్కడా చెప్పలేదు. మీకు చెప్తాను, కొంచెం ఓపిక పట్టండి.

ముందు ఆ జవాబు. వట్టి చలికి అద్దం పగలదు. మొత్తం ఒకే చలిలో ఉంటే ఎంతటి చలినైనా ఓర్చుకుంటుంది. ఒక మూల కాగుతూ, ఆ పక్కనే గడ్డకట్టే చలి ఉన్నప్పుడు పగులుతుంది. వెలుగుతున్న లాంతరు చిమ్నీ మీద ఒక్క నీటి చుక్క పడితే ఏమయ్యేదో మా అమ్మకు బాగా తెలుసు. ఆ చుక్క వేసింది నేనే కాబట్టి నాకింకా బాగా తెలుసు.

విమానం ముందద్దం ఒక్క అద్దం కాదు, పొరల మీద పొరలు అతికించినది. బయటి పొర పలచన. దాని వెనక కంటికి కనపడని ఒక పూత ఉంటుంది. ఆ పూతలోకి కరెంటు పంపి అద్దాన్ని వెచ్చగా ఉంచుతారు, లేకపోతే పైన మంచు పేరుకుని పైలట్‌కు ముందు ఏమీ కనపడదు. బరువు మోసేవి లోపలి పొరలు. బయటిది పగిలినా అవి నిలబడతాయి. అందుకే ముందద్దం పగిలిందని పేపర్లో చదివి కంగారు పడకండి, ఒక అద్దం పగిలితే ప్రాణం పోదు అని అందరికీ చెప్తుంటాను. ఇక అద్దం అంచు చుట్టూ మెత్తని సీలెంటు పూసి ఉంటుంది. వాన నీళ్ళు లోపలికి దూరకుండా అది కాపలా. ఎక్కడైనా అది లేచిపోతే తడి మెల్లగా లోపలికి పాకి, ఆ పూతకు కరెంటు అందించే పట్టీని చేరుతుంది. అక్కడ నిప్పురవ్వలు లేచి ఆ మూల కాగిపోతుంది. మిగతా అద్దానికేమో ఆకాశంలో ఉండే మైనస్ యాభై డిగ్రీల చలి తగులుతూ ఉంటుంది. రేణిగుంట ఎండలో చెయ్యి పెట్టలేనంతగా కాగిన అద్దం, మీరు టిఫిన్ తిని చెయ్యి కడుక్కునేలోగా ఆ చలిలోకి పోతుంది. చలి ఎక్కడో ఉత్తరాన ఉందనుకుని నేను పారిపోయి వచ్చాను గాని, అది ఏ ఊళ్ళోనైనా మన నెత్తి మీదే ఉంటుంది.

మా కంపెనీ చిన్నది. రేణిగుంటకు మా విమానాలు రోజుకు ఒకటి రెండు వచ్చేవి. లైసెన్సు ఉన్న ఇంజనీరును నేనొక్కణ్ణే. విమానం ఎగరడానికి పనికొస్తుందని నేను సంతకం పెడితే లేస్తుంది, పెట్టకపోతే లేవదు. వినడానికి గొప్పగా ఉంటుంది. నిజానికి తప్పో ఒప్పో పక్కవాడితో ఒక మాట అనుకుందామన్నా పక్కవాడు లేని ఉద్యోగం అది. ఇంట్లోనూ అదే. బదిలీల్లో నా పెళ్ళి ఎక్కడో జారిపోయింది. ముందు అమ్మ సంబంధాలు చూసేది, తర్వాత చుట్టాలు చూశారు, ఆ తర్వాత ఎవరూ చూడలేదు. రేణిగుంట స్టేషన్‌కు దగ్గరలో ఒక గది తీసుకున్నాను. పక్కింటివాళ్ళకు నేను 'విమానాలాయన'. నా పేరు అడిగిన గుర్తు లేదు.

విమానాలు కడిగి తుడిచే గుంపుకు ఒక మేస్త్రి ఉండేవాడు. కాంట్రాక్టు మనిషి, నాకంటే కాస్త పెద్దవాడు. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను సామీ అనేవాడు. మొదట్లో నేను డబ్బాలో తెచ్చుకున్న చపాతీలు ఒక మూల కూర్చుని తినేవాణ్ణి. ఒకరోజు ఆయన ఆ చపాతీలను జాలిగా చూసి, తన గిన్నెలోంచి సంగటి ముద్ద ఒకటి, దాని మీద చింతాకు పప్పు వేసి నా ముందు పెట్టాడు. ఉత్తరాదిలో ఉండి ఉండి సంగటి మింగడం మరిచిపోయి నమిలాను. గుంపంతా నవ్వింది. అప్పటినుంచి మధ్యాహ్నం అన్నం ఆ రేకుల షెడ్డు కిందే. వాళ్ళ పిల్లల చదువులు, కోడళ్ళ అలకలు, ఎవరి మామిడి తోటకు తేనెమంచు పురుగు పట్టింది, అన్నీ నాకు తెలిసేవి. నేను వాళ్ళకు విమానం సంగతులు చెప్పేవాణ్ణి. అద్దం పగలడం గురించి కూడా ఆ షెడ్డు కిందే చెప్పాను. ఇంత పెద్ద ఉద్యోగంలో నాకు దొరికిన ఇల్లు లాంటి చోటు అదొక్కటే.

మేస్త్రికి విమానాలంటే ప్రేమ, ఎప్పుడూ ఎక్కలేదు గాని. బిడ్డకు నీళ్ళు పోసినట్టు తుడిచేవాడు. ఆయుధ పూజ వస్తే ఆయనకూ నాకూ ఏటా ఒక చిన్న పేచీ ఉండేది. మన తిరుపతి పక్కన సైకిలు నుంచి జేసీబీ దాకా బొట్టు లేని బండి ఉండదు గదా. విమానానికి ఎందుకు లేదని ఆయన బాధ. విమానాన్ని లాగే ట్రాక్టరుకు పెట్టుకో, నిచ్చెనకు పెట్టుకో, విమానాన్ని ముట్టుకోవద్దు అని నేను చెప్పేవాణ్ణి. సరే సామీ అని, ట్రాక్టరుకు రెండింతలు గంధం పూసి కసి తీర్చుకునేవాడు.

ఒక ఏడు ఆయుధ పూజనాడు నాకు జ్వరం. నా బదులు మద్రాసు నుంచి ఇంకొక ఇంజనీరు వచ్చాడు. ఆ సాయంత్రం మేస్త్రి నా గదికి వచ్చాడు. గుగ్గిళ్ళ పొట్లం, ఒక గిన్నెలో మజ్జిగన్నం తెచ్చాడు. నేను తినేదాకా కుర్చీలో కూర్చుని, నుదురు మీద చెయ్యి పెట్టి చూసి, ఇంక తగ్గింది పడుకో అని చెప్పి వెళ్ళాడు. ఆ నుదురు మీద అంతకు ముందు ఎవరు చెయ్యి పెట్టారో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

తర్వాత వానలు పట్టుకున్నాయి. మన వైపు వానలు దీపావళి దాటాకే కదా గట్టిగా పడేది. ఆ ఏడు వాయుగుండం మీద వాయుగుండం వచ్చి, విమానాలు నిలబడే ఏప్రాన్ అంతా చెరువయింది. విమానాలు తడుస్తూ వచ్చాయి, తడుస్తూ పోయాయి.

ధనుర్మాసంలో ఒకరోజు, ఉత్తరాదిలో రాత్రంతా మంచులో నిలబడి పొద్దున్నే లేచిన విమానం మా దగ్గరికి రావలసి ఉంది. ఏకాదశికి కొండకు పోయే భక్తులతో నిండుగా వస్తోంది. రేణిగుంట ఇంకా కొంత దూరం ఉందనగా కెప్టెన్ వైపు ముందద్దం టప్పుమని పగిలింది. ఆ కెప్టెనమ్మ వేగం, ఎత్తు తగ్గించుకుంటూ, కోపైలట్ వైపు అద్దంలోంచి చూసే నేర్పుగా దింపింది. దిగి వచ్చాక ముందు మంచినీళ్ళు అడిగింది, ఆ తర్వాత అద్దం సంగతి మాట్లాడింది.

నేను లోపలికి పోయి అద్దాన్ని లోపలి వైపు గోరుతో తడిమి చూశాను. గోరు ఎక్కడా తట్టుకోలేదు. అంటే పగులు బయటి పొరలోనే. అద్దం నిండా సాలెగూడు అల్లినట్టు గీతలు, అన్నీ కింది మూలలో ఒక్క నల్లటి చుక్క దగ్గరికి పోయి కలుస్తున్నాయి. నిచ్చెన వేసుకుని బయటి నుంచి ఆ మూల చూశాను. సీలెంటు గోరు వెడల్పున లేచి ఉంది. లేచిన చోట, దాని అడుగున, పసుప్పచ్చగా ఏదో బిగుసుకుని ఉంది. వేలితో నలిపి వాసన చూశాను. వానకూ గాలికీ ఓర్చి ఇంకా కాస్త వాసన మిగిలే ఉంది. గంధం. అంచున ఎర్రగా కుంకుమ కూడా.

ఇంకో పక్కకు పోయి కోపైలట్ వైపు అద్దం చూశాను. అదే మూల, అదే గాటు. అది ఇంకా పగల్లేదు, అంతే.

కిందికి దిగి మేస్త్రి దగ్గరికి పోయాను. బకెట్లకు నీళ్ళు పట్టుకుంటున్నాడు. ఆయుధ పూజనాడు ఈ అద్దానికి బొట్టు పెట్టినావా అన్నా, అని అడిగాను. దాచలేదు. దాచవలసిందని ఆయనకు తోచను కూడా లేదు.

"పెట్టినా సామీ. నువ్వు ల్యాకుంటివి, ఆ మద్రాసు సారు ఏమీ అనలే. ముందద్దమంటే విమానానికి కండ్లు గదా."

ఎలా తుడిచావని అడిగాను.

"గుడ్డతో పోలే. ఎండకు బిగుసుకునింది. కొట్టిన టెంకాయ చిప్ప ఉంటే, దాంతో గీరినా. అద్దానికి గీత పడకుండా మెల్లింగానే గీరినాను, సూడు కావల్నంటే."

నిజమే, అద్దం మీద ఒక్క గీత లేదు. అద్దాన్ని కాపాడుకుంటూ ఆయన గీకింది సీలెంటును. ఇదొక్కదానికేనా పెట్టింది, అని అడిగాను.

"ఆ పొద్దు రెండొచ్చినాయి గదా. రెండిటికీ పెట్టినా, రెండు పక్కలా."

ఏమన్నా అయిందా సామీ, అని అప్పుడు అడిగాడు. తర్వాత చెప్తాను అన్నాను.

టెర్మినల్ లోపల ప్రయాణికులు గొడవ పడుతున్నారు. ఈ విమానంలో తిరిగి పోవలసినవాళ్ళు వాళ్ళు. వాళ్ళలో ఒక పెద్దాయన, చిత్తూరులో లారీలు ఉన్నాయట, నా భుజం మీద చెయ్యి వేసి, పగిలిన అద్దంతో తన లారీ నెల్లాళ్ళు తిరిగిందని, ధైర్యం ఉండాలే గాని ఏమీ కాదని చెప్పాడు. ఆయన మాటకు నవ్వు రావలసింది. నాకు ఆ రెండో విమానం తప్ప ఇంకేమీ తలకెక్కడం లేదు. అది ఎక్కడుందో కనుక్కున్నాను. ఆ సాయంత్రం ఉత్తరాదికి పోయి రాత్రంతా చలిలో నిలబడుతుంది, పొద్దున్నే హీటరు వేసుకుని మనుషులతో లేస్తుంది.

ఇక్కడే నా కథంతా ఉంది, జాగ్రత్తగా వినండి. అద్దం పగిలిన ఈ విమానం సంగతి వరకైతే నోరు మూసుకోవచ్చు. హెడ్డాఫీసులో ఉన్నాయన ఫోన్లో, సీలెంటు పాతబడి నీళ్ళు దూరినట్టున్నాయి, అదే రాసెయ్యండి, అన్నాడు కూడా. అబద్ధమూ కాదు, నీళ్ళు దూరిన మాట నిజమే. కాని రెండో విమానాన్ని ఆపమంటే ఎందుకని అడుగుతారు. ఒక విమానంలో సీలెంటు పాతబడితే ఇంకొక విమానాన్ని ఎందుకు ఆపాలి? ఎందుకో చెప్పాలి. ఆ ఎందుకు అన్నదానికి ఒక మనిషి ముఖం ఉంది.

ఫోను పట్టుకుని షెడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను. అన్నం వేళయింది. నా గిన్నె కూడా పెట్టి మూత వేసి ఉంచారు. పగిలిన అద్దం ఒక్కటైతే పక్క అద్దంలోంచి చూసి దింపుతారు, ఆమె దింపినట్టే. కాని ఆ విమానంలో రెండద్దాలూ ఒకే చేత్తో గీకినవి, ఒకే వానలో తడిసినవి. రెండూ ఒకేసారి పోతే పైలట్లకు ముందు తెల్లటి గోడ తప్ప ఏమీ కనపడదు. అలా జరుగుతుందని చెప్పలేను. జరగదని అంతకన్నా చెప్పలేను. సలహా అడగడానికి చుట్టూ ఎవరూ లేరు. ఉన్న ఒక్క మనిషినీ ఆ విషయం అడగలేను.

చెప్పేశాను. బొట్టు, గంధం, టెంకాయ చిప్ప, ఎవరు పెట్టారు, అన్నీ. అవతలాయన టెంకాయ చిప్పను ఇంగ్లీషులో ఏమని రాయాలని అడిగాడు. ఆ విమానాన్ని ఎక్కడిదక్కడ ఆపారు. చూస్తే రెండు మూలలా సీలెంటు లేచే ఉంది, ఒక పక్క తడి అప్పటికే లోపలికి చేరింది. అద్దాలు మార్చారు. ఎవరికీ ఏమీ కాలేదు. పేపర్లో ఒక్క ముక్క రాలేదు.

రేణిగుంటలో ఆగిన విమానానికి అద్దాలు లారీలో వచ్చాయి. వేరే ఊరి నుంచి మనుషులు వస్తే, అందరం కలిసి బిగించాం. ఆ పని నడుస్తుండగానే కాంట్రాక్టు కంపెనీవాళ్ళు మేస్త్రిని తీసేశారు. తెలియక చేసిన పని, నేర్పిస్తే చాలు, ఇంత శ్రద్ధగా తుడిచే మనిషి మళ్ళీ మీకు దొరకడు అని వాళ్ళ మేనేజరుకు ఫోన్ చేసి బతిమాలాను. రిపోర్టు ఇచ్చింది మీరే కదండీ అన్నాడు. తర్వాత మా వాళ్ళకూ చెప్పి చూశాను. అది కాంట్రాక్టరు వ్యవహారం, మనం తల దూర్చకూడదన్నారు.

పాసు తిరిగి ఇచ్చేయడానికి మేస్త్రి వచ్చిన రోజున గేటు దగ్గర ఎదురుపడ్డాం. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. అరుస్తాడేమో, అరిస్తే బాగుండు అనుకున్నాను. అరవలేదు.

"అద్దం పగిలితే ప్రాణం పోదని నువ్వే సెప్పినావు మాకంతా. పోని ప్రాణం కోసరం నా అన్నం యాల తీసినావు సామీ?"

జవాబు నా దగ్గర ఉంది. రెండద్దాల సంగతి చెప్పవచ్చు. గేటు మీది బోర్డు చదువుతూ నిలబడ్డాను. ఆయన చెప్పులు ఈడ్చుకుంటూ బస్సుల వైపు నడిచిపోయాడు. ఇప్పుడు మళ్ళీ ఆ ఫోను నా చేతికిచ్చినా అదే మాట చెప్తాను.

గుంపులో మిగతావాళ్ళు ఉండిపోయారు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. మంచినీళ్ళు అడిగితే ఇచ్చేవాళ్ళు, విమానం ఎప్పుడొస్తుందని అడిగేవాళ్ళు. నేను షెడ్డు కిందికి పోతే మాత్రం మాటలు ఆగిపోయేవి. ముద్దలు గబగబా మింగి లేచిపోయేవాళ్ళు. వాళ్ళ అన్నమైనా నెమ్మదిగా తిననిద్దామని నేను పోవడం మానుకున్నాను. మళ్ళీ చపాతీలు, మళ్ళీ మూల కుర్చీ. కొత్త మేస్త్రి కుర్రవాడు, పద్ధతి ప్రకారం పనిచేసేవాడు. ఆయుధ పూజకు ట్రాక్టరుకు కూడా బొట్టు పెట్టలేదు. నేను పెట్టమన్నా, ఎందుకు సార్ మళ్ళీ గొడవ, అన్నాడు.

అలాగే రిటైరయ్యాను. దండ వేశారు, శాలువా కప్పారు. నా కారణంగా ఒక పెద్ద ప్రమాదం తప్పిందని పైనుంచి వచ్చినాయన మాట్లాడాడు. షెడ్డు మనుషులు వెనక వరుసలో నిలబడి చప్పట్లు కొట్టారు.

మేస్త్రి పూతలపట్టు కూడలిలో లారీలు, బస్సులు కడిగే చోటు పెట్టుకున్నాడని ముందే తెలుసు. మా ఊరి పక్కనే, నేను మాత్రం రేణిగుంట గదిలోనే ఉండిపోయాను. బ్యాంకు పనికో, కంటి డాక్టరు దగ్గరికో చిత్తూరు పోయినప్పుడల్లా బస్సు కిటికీలోంచి కనపడేవాడు. పంచె ఎగగట్టి, పైపు పట్టుకుని, లారీ ముందద్దం మీదికి నీళ్ళు కొడుతూ ఉండేవాడు. నేను తల ఇంకో పక్కకు తిప్పుకునేవాణ్ణి. ఏళ్ళు అలా గడిచాక ఒకరోజు, చిత్తూరుకు టికెట్ తీసుకుని కూడా, అక్కడ దిగేశాను.

నన్ను చూసి పైపు కట్టేశాడు. చేతులు తుడుచుకుని స్టూలు వేశాడు, పక్క కొట్టు నుంచి టీ తెప్పించాడు. బాగా ముసలివాడయ్యాడు. నేనూ అంతే గదా. గేటు దగ్గర రాని జవాబంతా అప్పుడు చెప్పాను. రెండు పక్కలా గీకిన సంగతి, రెండూ ఒకేసారి పోతే ఏమయ్యేదో, ఆ రాత్రి ఆ విమానం ఎక్కడ నిలబడబోయిందో, అన్నీ చెప్పాను. లారీవాడు ఒకడు హారన్ కొడుతున్నా పట్టించుకోకుండా చివరిదాకా విన్నాడు.

"తెలుసు సామీ," అన్నాడు. "పాసు ఇచ్చిన పొద్దే తెలుసు. తెలిసే అడిగినా. ఎవురినో ఒకరిని అడగాల గదా."

ఆయన పక్కన అలా కూర్చుని టీ తాగుతుంటే, ఎన్నో ఏళ్ళ తర్వాత నాకు ఒక మనిషి దగ్గర ఉన్నట్టుగా ఉంది. అప్పుడప్పుడూ వస్తుంటాను అన్నా, అన్నాను. ఆయన నా గ్లాసు తీసుకుని, నీళ్ళతో కడిగి, రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు.

"రావాకు సామీ. నీ మింద కోపంతోనే ఇన్నేండ్లు ఆ విమానాల్ని తల్సుకుంటా ఉండా. నువ్వు ఇట్ల వొచ్చి కూసుంటే ఆ కోపం పోతాది. అది గూడా పోతే ఆ విమానాలకాడిది నాకింక ఏం మిగల్తాది?"

తిరుపతి బస్సు వస్తుంటే చెయ్యెత్తి ఆయనే ఆపాడు. ఎక్కాను. ఇప్పుడు చిత్తూరులో పని పడితే రేణిగుంటలో రైలెక్కి పోతున్నాను. బస్సు కంటే ఆలస్యం. కాని రైలు ఆ కూడలి మీదుగా పోదు.